రాక్షసబల్లికి మన ఊరి పేరు

టాటానగర్ స్టేషన్ దగ్గరి పర్సుడీహ్‌లో, జంషెడ్‌పూర్‌లో ఎన్నో తెలుగు కుటుంబాలకు అన్నం పెట్టింది ఉక్కు. ఆ ఉక్కు వెనుక ఒక భూగర్భ శాస్త్రవేత్త ఉన్నారు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన ప్రమథనాథ్ బోస్, మయూర్‌భంజ్‌లోని ఇనుప ఖనిజం గురించి 1904లో జంషెడ్జీ టాటాకు ఉత్తరం రాశారు. అదే సంస్థకు చెందిన పి. యాదగిరి ఆ తర్వాతి కాలంలో ప్రాణహిత-గోదావరి లోయను గాలించి, ఒక తెలంగాణ పల్లెను ప్రపంచ శాస్త్ర గ్రంథాలకెక్కించారు. ఆ పల్లె యామన్‌పల్లి. అక్కడి రాక్షసబల్లి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్.

1824లో ఇంగ్లండ్‌లో విలియం బక్‌లాండ్ మెగలోసారస్ అనే రాక్షసబల్లికి పేరు పెట్టారు. ఇలాంటి జంతువుల సమూహానికి డైనోసార్ అనే పేరును 1842లో రిచర్డ్ ఓవెన్ ఇచ్చారు. జంతువులన్నిటికీ ఉన్నట్టే వీటికీ రెండు మాటల పేరు ఉంటుంది. మొదటిది ప్రజాతి, రెండోది జాతి. ఊరి పేరు పెడితే చివర 'ఎన్సిస్' చేరుతుంది. పురుషుడి పేరైతే 'ఐ', స్త్రీ పేరైతే 'ఏ' చేరుతుంది.

పేరు ప్రకటిస్తే సరిపోదు, దాన్ని ఒక నమూనాకు ముడివేయాలి. యాదగిరి 1988లో కోటసారస్‌ను ఒక తుంటి ఎముకకు ముడివేశారు. యామన్‌పల్లి దగ్గర దొరికిన 840 ఎముకలు కనీసం 12 జంతువులవి. పుర్రె దొరకలేదు, రెండు పళ్లు మాత్రం దొరికాయి. 'కోట' అంటే ఆ ఎముకలున్న రాతిపొరల పేరు. ప్రాణహిత ఒడ్డునున్న కోట అనే ఊరి నుంచి ఆ పొరలకు ఆ పేరు వచ్చింది. ఆ అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో చూడవచ్చు.

అదే లోయలో సిరొంచ ప్రాంతపు పోచంపల్లి దగ్గర దొరికింది బరపాసారస్ టాగోరీ. బెంగాలీ 'బరో పా' అంటే పెద్ద కాలు. ఎముకలు తవ్విన రోజుల్లోనే, 1961లో, రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి వచ్చింది. 1975లో పేరు పెట్టిన ఎస్.ఎల్. జైన్, ఆయన సహచరులు దాన్ని అలా గుర్తుంచుకున్నారు.

ఒకే పేరు రెండు జంతు ప్రజాతులకు ఉండకూడదు, ముందు పెట్టినవారిదే హక్కు. ఆదిలాబాద్ మలేరి పొరల్లో దొరికిన చిన్న డైనోసార్‌కు శంకర్ ఛటర్జీ 1987లో, బ్రిటిష్ శాస్త్రవేత్త అలిక్ వాకర్ గౌరవార్థం, వాకేరియా అని పేరు పెట్టారు. ఆ పేరు అప్పటికే ఒక చిన్న సముద్రజీవికి ఉంది. 1994లో అది ఆల్‌వాకేరియా మలేరియెన్సిస్‌గా మారింది. 2011లో అక్కడి పల్లెల పేర్లతో నంబాలియా, జక్లపల్లిసారస్ వచ్చాయి.

2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది, 2016లో ఆదిలాబాద్ జిల్లా విడిపోయింది. కానీ ఆ పేర్ల స్పెల్లింగ్‌ను మార్చే అధికారం ఏ ప్రభుత్వానికీ లేదు. అందుకే తవ్వినచోటి పల్లెను తలచి పేరు పెట్టడం గొప్ప గౌరవం. అది ఆ నేలకు దక్కిన శాశ్వత పట్టా. పర్సుడీహ్‌లో పెరిగే తెలుగు పిల్లలకు టైరనోసారస్‌తో పాటు కోటసారస్ కూడా తెలియాలి.