గొడ్డలికి నాలుగణాలు

మొన్న వేసవి చివర, సత్తుపల్లి దగ్గరి మా మామిడితోటలో గడ్డికోసే మిషను బ్లేడు అరిగిపోయింది. కొత్తది కొందామని ఖమ్మం వెళ్ళాను. దుకాణదారు మూడు రకాలు నా ముందు పరిచాడు. ఒకటి మూడు రెక్కలది, ఒకటి అంచంతా రంపపు పళ్ళున్నది, మూడోది నైలాను తీగ చుట్టినది.

"గడ్డి కొయ్యాలా, తుప్పలు కొట్టాలా సార్?" అన్నాడు.

చెట్ల మొదళ్ళ దగ్గరైతే తీగ మేలు, బెరడుకు అంతగా గాయం కాదు. కర్రదేరిన తుప్పలకు పళ్ళ చక్రం. ఏపుగా పెరిగిన గడ్డికి మూడు రెక్కలది. ఏది కొన్నా నడిమి రంధ్రం మన మిషనుకు సరిపోవాలి. మాదానికి 25.4 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా అంగుళం. రెక్కలన్నీ సమతూకంగా ఉండాలి, లేకుంటే చేతులు అదిరిపోతాయి. అమెరికాలో మనవాళ్ళు ఎక్కి కూర్చుని నడిపే మిషన్లకైతే మల్చింగ్ బ్లేడ్లని వేరే ఉంటాయి. అవి కోసిన గడ్డినే మళ్ళీ మళ్ళీ తరిగి నేలమీద రాలుస్తాయి. నాకు కావలసిందీ ఇంచుమించు అదే. కోసిన గడ్డి చెట్ల కింద పరుచుకోవాలి, తేమను కాపాడాలి, కుళ్ళి ఎరువు కావాలి. మూడు రెక్కలదే తీసుకున్నాను.

తిరుగు ప్రయాణంలో దుకాణదారు ప్రశ్న నన్ను వదలలేదు. ఏ కత్తి కావాలో తేలాలంటే, కోసినదాన్ని ఏం చేస్తామో ముందు తేలాలి. మా తోట దాటి తూర్పుగా పోతే అడవి మొదలవుతుంది. భద్రాచలం వైపు ఆ అడవుల్లో కోయలు, కొండరెడ్లు తరతరాలుగా ఈ ప్రశ్నకు చెప్పుకున్న జవాబు పోడు. ఎండాకాలంలో చెట్టూచేమా నరికి, ఎండనిచ్చి, కాల్చి, తొలకరి పడగానే ఆ బూడిదలో విత్తనాలు వేసేవారు. కొన్నేళ్ళు పండించాక ఆ చెలకను మళ్ళీ అడవికే విడిచిపెట్టేవారు. మేము కుళ్ళబెట్టి నెమ్మదిగా రాబట్టుకొనే సారాన్ని వారు నిప్పుతో ఒక్కసారిగా రాబట్టేవారు. పోగొట్టుకున్నదాన్ని తిరిగి కూడగట్టుకోవడానికి నేలకు ఏళ్ళ తరబడి విశ్రాంతి ఇచ్చేవారు.

ఆ పనికి పనిముట్టు గొడ్డలి. సర్కారు లెక్కకూ అదే కొలమానమైంది. నిజాం నుంచి 1860లో ఆంగ్లేయుల చేతికి వచ్చిన భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేవి. అక్కడ పోడు పన్ను గొడ్డలికి నాలుగణాలు. ఆ గొడ్డలితో మనిషి ఎంత నేల సాగుచేసుకోగలిగితే అంత చేసుకోవచ్చు. 1874లో ఆ ప్రాంతాలు మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిశాయి. కొత్త ప్రభుత్వం పన్నును దాదాపు మూడింతలు చేసింది. కొన్ని చోట్ల పోడునే నిషేధించింది. 1879లో రంపలో కల్లు పన్ను మీదా మునసబుదారు దౌర్జన్యాల మీదా తిరుగుబాటు రేగినప్పుడు, రేకపల్లి కూడా ఆ మంటల్లో చేరడానికి ఇది ఒక ప్రధాన కారణం. 1907లో హెమింగ్వే సంకలనం చేసిన గోదావరి జిల్లా గెజిటీరులో ఈ సంగతంతా ఉంది. రంప అనగానే మనకు 1922 నాటి అల్లూరి సీతారామరాజే గుర్తుకొస్తాడు. ఈ గొడ్డళ్ళ కథ అంతకు నలభైమూడేళ్ళు ముందుది.

నాలుగణాల పన్నును మెచ్చుకోవడం నా ఉద్దేశం కాదు, పన్ను పన్నే. అయితే ఆ లెక్కలో ఒక సత్యం ఉంది. ఒక గొడ్డలి, ఒక జత భుజాలు ఎంత అడవిని నరకగలవో దానికి సహజంగానే ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దును చెరిపి సర్కారు తన హద్దులు గీసింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో అవి మరింత బిగుసుకున్నాయి. తిరిగేందుకు చోటు తగ్గితే నేలకు విశ్రాంతి తగ్గక తప్పదు. తరువాత "అడవిని పాడుచేస్తున్నది పోడే" అన్న నింద మాత్రం గొడ్డలి పట్టినవాడి మీదే పడింది.

ఆ తగవు ఇంకా తెగలేదు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది, 2023లో తెలంగాణలో పోడు పట్టాలు పంచారు. ఆ రెంటికీ మధ్య, 2022 నవంబరులో, చండ్రుగొండ మండలంలో పోడు తగాదాలో ఒక అటవీ రేంజి అధికారి హత్యకు గురయ్యాడు. నా తోటకు పాసుపుస్తకం ఉంది గనుక నేను బ్లేడు ఒక్కటే ఎంచుకుంటే సరిపోయింది. ఆ కాగితం లేనివాడికి ఏ కత్తి పట్టాలన్నది అంత తేలిక ప్రశ్న కాదు.

కొత్త బ్లేడు బాగానే కోస్తోంది. మీ తాతల నాటి గొడ్డళ్ళ, కొడవళ్ళ కథలుంటే చెప్పండి, వినాలని ఉంది.