రెండు నగరాలు, రెండు నిర్ణయాలు

పరపాలన ముగిసినా, అది నిలిపిన స్మారకాలు మిగిలే ఉంటాయి. వాటి విషయమై రెండు నగరాలు వేర్వేరు నిర్ణయాలు తీసుకున్నాయి.

1857 తిరుగుబాటును అణచడంలో అలహాబాదు, కాన్పూరులలో క్రూరత్వానికి పేరుపడిన జేమ్స్ నీల్ విగ్రహం మద్రాసు మౌంట్ రోడ్డుపై ఉండేది. దానిని తొలగించాలని 1927లో సత్యాగ్రహం సాగింది. పలువురు చెరసాలకు వెళ్లారు. 1937లో రాజాజీ మంత్రివర్గం ఏర్పడిన తరువాతనే అది కదిలింది. అనంతరం ఎగ్మూరు మ్యూజియానికి చేరింది.

ఢిల్లీ రిడ్జిపై బ్రిటిష్ పక్షాన మరణించినవారికై 1863లో కట్టిన స్మారక గోపురాన్ని మాత్రం కూల్చలేదు. స్వాతంత్ర్య రజతోత్సవ సందర్భంగా 1972లో దానికి అజిత్‌గఢ్ అని పేరు పెట్టారు. పాత శాసనాలు ‘శత్రువు’ అన్నది విదేశీ పాలనపై పోరాడిన దేశభక్తులనేనని తెలిపే ఫలకాన్ని చేర్చారు.

మద్రాసు గౌరవస్థానాన్ని ఉపసంహరించింది. ఢిల్లీ అర్థాన్ని సవరించింది. రెండుచోట్లా సాక్ష్యం మాత్రం భావితరాలకు దక్కింది.