తంగ్ వేరు, చుస్త్ వేరు: మంచు బూటు కథ

గుల్మార్గ్‌లో మొదటి రోజు సాయంత్రం కిరాయి బూట్లు విప్పి చూసుకుంటే నా రెండు బొటనవేళ్ల గోళ్లు నల్లబడి ఉన్నాయి. పిండ్లీ ముందు ఎముక మీద ముట్టుకుంటే చాలు, ప్రాణం పోతోంది. ఖసూర్ ఎవరిదో చెప్పాలి కదా, పూర్తిగా నాదే. పొద్దున దుకాణంలో అబ్బాయి 26.5 అని రాసున్న బూటు ఇచ్చాడు. నిలబడితే వేళ్లు ముందు గోడకి తగిలాయి. "భాయ్, యే తంగ్ హై, బడా దేదో" అన్నాను. అతను మారు మాట్లాడకుండా 28 తెచ్చిచ్చాడు. లోపల రెండు జతల ఉన్ని మోజాలు వేసి, పాయజామా కూడా దోపేశాను. బస్, ఆరామ్‌గా ఉందనుకున్నాను.

స్కీ నేర్పే ముసలి ఉస్తాద్ నా గోళ్లు చూసి నవ్వాడు. "బేటా, నీ బూటు తంగ్ అవడం వల్ల కాదు, ఢీలా అవడం వల్ల ఇలా అయ్యింది. తంగ్ ఔర్ చుస్త్ మే ఫరఖ్ హోతా హై" అన్నాడు.

ఆ మాట నాకు కొత్త కాదు. మా నానా జూతాలు కుట్టేవాడు. చెక్క కల్బూత్ మీద తోలు లాగి మేకులు కొడుతూ ఇదే మాట అనేవాడు. తంగ్ అంటే కాలిని నొక్కేది. చుస్త్ అంటే కాలిని పట్టుకునేది. చుస్త్ పాయజామా అంటాం చూడండి, ఒంటికి అతికినట్టు ఉంటుంది గానీ ఊపిరి ఆపదు. ఈ చిన్న ఫరఖ్ తేల్చుకోవడానికి మంచు దేశాల వాళ్లకి నూరేళ్లకు పైగా పట్టింది. ఇంటికొచ్చాక ఆ తారీఖ్ అంతా చదివాను. అందులో మన మద్రాసు కూడా ఉంది.

మొదట్లో స్కీకంటూ ప్రత్యేకమైన బూటు లేదు. నార్వే రైతు పొలానికి వేసుకునే తోలు బూటునే కట్టెపలకకు కట్టుకునేవాడు. బొటనవేళ్ల దగ్గర ఒక్క పట్టీ, అంతే. ఐడీ గాల్లో ఉండేది. చదునైన మంచు మీద నడవడానికి అది చాలు. వాలు మీద తిరగాలంటేనే ముసీబత్. టెలిమార్క్ ప్రాంతానికి చెందిన సోండ్రే నోర్‌హైమ్ మెలితిప్పిన సన్నటి కొమ్మలను ఐడీ వెనక నుంచి చుట్టి బిగించాడు. 1868లో క్రిస్టియానియాలో, అంటే ఈనాటి ఓస్లోలో, పోటీకి దిగి జనాన్ని హైరాన్ చేశాడు. బూటు మారలేదు, కట్టు మారింది. కానీ అసలు సంగతి అందరికీ అర్థమైంది: ఐడీ కదిలితే స్కీ మాట వినదు.

ఆ తర్వాత ఆట ఆల్ప్స్ కొండలకు చేరింది. అక్కడి వాలు నిట్టనిలువు. ఇక్కడే మన వైపు పేర్లు వస్తాయి. లార్డ్ రాబర్ట్స్ 1832లో కాన్పూర్‌లో పుట్టాడు, 1857 గదర్‌లో ఢిల్లీ ముట్టడిలో అంగ్రేజ్ ఫౌజ్‌తో ఉన్నాడు. 1880 ఆగస్టులో కాబూల్ నుంచి కాందహార్ దాకా సుమారు 10,000 మంది ఫౌజ్‌ను మూడు వారాల పైచిలుకులో 300 మైళ్లకు పైగా నడిపించాడు. ఆ నడకలో అరిగినవి సిపాయిల కాళ్లు, మిగిలింది జనరల్ పేరు. ఆ వెంటనే అతను మద్రాసు ఫౌజ్‌కి కమాండర్ ఇన్ చీఫ్ కూడా అయ్యాడు. ఇక ఆర్నాల్డ్ లన్ 1888లో మద్రాసులోనే పుట్టాడు, తండ్రి అప్పట్లో అక్కడ మిషనరీ. ఈ లన్ 1911లో స్విట్జర్లాండ్‌లోని మోంటానాలో కొండ మీంచి కిందికి దిగే పందెం పెట్టించాడు. దానికి పెట్టిన కప్పు పేరు 'రాబర్ట్స్ ఆఫ్ కాందహార్'. 1924లో మూరెన్‌లో కాందహార్ స్కీ క్లబ్ వచ్చింది, 1928లో ఆర్ల్‌బెర్గ్-కాందహార్ పందెం వచ్చింది. ఒక అఫ్ఘాన్ షహర్ పేరు ఆల్ప్స్ మంచులో అలా స్థిరపడిపోయింది.

ఆ పేరు బూటు కిందికి కూడా దిగింది. స్విట్జర్లాండ్‌కి చెందిన గీడో రూజ్ 1930కి అటూ ఇటుగా ఒక కట్టు తయారుచేసి కాందహార్ అని పేరు పెట్టాడు. ఐడీ చుట్టూ ఇనుప తీగ, దానికి స్ప్రింగు, ముందు పక్క ఒక లీవర్. తీగను పక్కనున్న కొక్కేల కింద పెడితే ఐడీ కిందికి అదిమి ఉంటుంది, దిగడానికి పనికొస్తుంది. కొక్కేల నుంచి తీస్తే ఐడీ లేస్తుంది, ఎక్కడానికి వీలవుతుంది. ఇప్పుడు బూటే మారక తప్పలేదు. తీగ జారకుండా ఐడీలో గాడి కావాలి. స్ప్రింగు లాగుడికి వంగని మందపాటి అడుగు కావాలి. పొలం బూటు పోయి స్కీ బూటు పుట్టింది ఇక్కడే.

గమనించండి, మార్పు కోరింది కాలు కాదు, కట్టు. ఆ తర్వాత కూడా చాలాసార్లు ఇదే జరిగింది. స్కీకి కావలసింది బూటు ఇచ్చింది, బూటుకి కావలసింది కాలు భరించింది.

తోలు బూటుకి ఒక అజీబ్ గుణం ఉంది. కొత్తదైతే కరుస్తుంది. వారాల తరబడి వేసుకుంటే కాలి షకల్ తెచ్చుకుంటుంది. హాయిగా ఉంది అనుకునే సమయానికి తడిసి తడిసి ఢీలా పడుతుంది, పట్టు పోతుంది. అందుకని లోపల ఒక బూటు, బయట ఒక బూటు, రెండింటికీ తస్మాలు పెట్టారు. మంచులో చలికి కొయ్యబారిన వేళ్లతో ఆ తస్మాలు లాగి కట్టడం ఎంత అజాబ్! గట్టిగా కడితే రక్తం ఆగి పాదం గడ్డకడుతుంది, వదులుగా కడితే ఐడీ లేస్తుంది.

కాలు పూర్తిగా బిగిసిన చోట ఇంకో ఖత్రా కూడా వచ్చింది. పడినప్పుడు స్కీ ఊడకపోతే ఎముక విరుగుతుంది. నార్వే నుంచి అమెరికా వెళ్లిన జాల్మర్ వామ్ 1937లో కాలు విరగ్గొట్టుకుని, పడితే దానంతటదే విడిపోయే కట్టుని తయారుచేశాడు. ఇది చిన్న సంగతి కాదు. ఇలా విడిపోయే కట్లు ఉండబట్టే తర్వాత రోజుల్లో బూటుని అంత గట్టిగా చేసే హిమ్మత్ వచ్చింది.

1955లో తస్మాల రోజులు ముగియడం మొదలైంది. హాన్స్ మార్టిన్ అనే స్విస్ మనిషి ఆలోచనతో హెంకె కంపెనీ బకల్ బూటు తెచ్చింది. లీవర్ ఒక్కసారి టక్‌మని వేస్తే బిగుతు, ఎత్తితే వదులు. పంజా దగ్గర ఒక లెక్క, టఖ్నా దగ్గర ఇంకో లెక్క పెట్టుకోవచ్చు. కానీ తోలు తోలే కదా, బకల్ లాగితే అది సాగుతుంది.

సాగని బూటు కావాలని పట్టుబట్టినవాడు అమెరికాలోని అయోవా రాష్ట్రం వాడు, బాబ్ లాంగ్. 1950లలో ప్లాస్టిక్‌తో తజుర్బాలు చేసి, 1960లలో పాలీయురెథేన్ బూటుని బజార్‌కి తెచ్చాడు. 1968 గ్రెనోబుల్ ఒలింపిక్స్ నాటికి అది పెద్ద పెద్ద రేసర్ల కాళ్లకు ఎక్కింది. కాలు పక్కకి వంచితే అదే క్షణంలో స్కీ అంచు మంచుని కోస్తుంది, మధ్యలో వృథా లేదు. కొన్నేళ్లలో తోలు బూటు అల్మారీ ఎక్కింది.

కామ్‌యాబీకి ఖీమత్ కాలే కట్టింది. తోలు ఎప్పటికైనా కాలి మాట వింటుంది, ప్లాస్టిక్ వినదు. ఎముక పొడుచుకొచ్చిన చోట అదే రాపిడి, రోజూ అదే దర్ద్. పిండ్లీ ముందు ఎముక మీద పడే దెబ్బకి స్కీ చేసేవాళ్లు 'లాంగ్ బ్యాంగ్' అని ఆ బూటు పేరే పెట్టేశారు. బూటు ఎత్తు పెరిగాక టఖ్నా గాయాలు తగ్గాయి, కానీ రానురాను మోకాలి లిగమెంట్లు తెగడం పెద్ద బాధ అయింది. జోర్ ఎక్కడికీ పోదు, పై కీలుకి చేరుతుంది.

ఇక్కడి నుంచి కథ మలుపు తిరిగింది. గట్టి డబ్బా లోపల మెత్తటి కాలుని ఎలా కూర్చోబెట్టాలి? 1960ల చివర్లో లోపలి బూటులోకి నురుగు పోసి, కాలు పెట్టి నిలబడితే అదే షకల్‌లో గట్టిపడే పద్ధతి వచ్చింది. లాంగ్ దగ్గర పనిచేసి బయటికొచ్చిన హాన్సన్ అన్నదమ్ములు 1970లలో వెనకనుంచి తెరుచుకునే బూటు చేశారు. చప్పల్‌లో దూర్చినట్టు కాలు దూర్చడమే. 1980లలో మార్కెట్ దాని చుట్టూనే తిరిగింది. అంత ఆరామ్ ఉన్నా 1990లలో అది వెళ్లిపోయింది. కారణం, పాదం పైభాగాన్ని అది సరిగ్గా పట్టుకోలేదు. ఇటు చూస్తే లాంగ్ బూటులో పట్టు ఉంది, ఆరామ్ లేదు. అటు చూస్తే వెనక తలుపు బూటులో ఆరామ్ ఉంది, పట్టు లేదు. ఒకటి తంగ్, ఒకటి ఢీలా.

మధ్యలోని చుస్త్ ఏ కార్ఖానా నుంచీ తయారై రాలేదు. అది మళ్లీ మోచీ చేతికే వచ్చింది. ఈరోజు స్కీ ఊళ్లలో బూట్ ఫిట్టర్ అనే మనిషి ఉంటాడు. అతను ముందు పాదాన్ని సెంటీమీటర్లలో కొలుస్తాడు. బూటు మీద ఉండే నంబర్ అదే, నా 26.5 అలాంటిదే. సగం నంబర్ల మీద ఆశ పెట్టుకోకండి, సాధారణంగా 26, 26.5 రెండింటికీ బయటి షెల్ ఒకటే. తర్వాత లోపలి మెత్త బూటు బయటికి తీసి ఖాళీ షెల్‌లో కాలు పెట్టమంటాడు. వేళ్లు ముందుకు తగిలించి నిలబడితే ఐడీ వెనక ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల జాగా ఉండాలి. రెండు సెంటీమీటర్లు దాటితే అది మీ బూటు కాదు. పంజా వెడల్పుకి వేరే లెక్క, 98, 100, 102 మిల్లీమీటర్లని ఉంటాయి.

ఆ తర్వాత అసలు హునర్. పాదం గుంటకి సరిపోయే అడుగు అట్ట చేస్తాడు. ఎముక తగిలేచోట షెల్‌ని వేడిచేసి బయటికి ఉబ్బిస్తాడు, లేదంటే లోపల అరగదీస్తాడు. లోపలి బూటుని వేడిచేసి కాలి మీదే అచ్చు పోస్తాడు. 2010 ప్రాంతం నుంచి షెల్‌నే వేడిచేసి కాలికి సర్దే బూట్లూ వచ్చాయి. చాలా ఏళ్లు మగవాళ్ల కల్బూత్ మీదే చేసిన బూటుని ఆడవాళ్లు భరించారు. వాళ్ల పిండ్లీ కండ కిందికి దిగి ఉంటుందని, బూటు అంచు దాన్ని కోస్తుందని ఒప్పుకోవడానికి కంపెనీలకి ఎంతో కాలం పట్టింది. తమాషా ఏంటంటే, 2023లో చక్రం తిప్పి బిగించే సన్నటి తీగతో బూట్లు వచ్చాయి. తస్మా ఉక్కు రూపంలో వాపస్ వచ్చిందన్నమాట!

మర్నాడు ఉస్తాద్ నన్ను మళ్లీ అదే దుకాణంలో కూర్చోబెట్టాడు. 26.5 తెప్పించాడు. ఉన్ని మోజాలు రెండు జతలూ తీయించి పల్చటిది ఒక్కటే వేయించాడు. పాయజామా మడత బయటికి లాగాడు. కాలు దూర్చాక ఐడీని నేలకి రెండుసార్లు తట్టమన్నాడు. మోకాళ్లు ముందుకు వంచమన్నాడు. అప్పుడు జరిగింది చూడండి! నిలువుగా ఉన్నప్పుడు గోడకి తగిలిన వేళ్లు, మోకాళ్లు వంచగానే వెనక్కి జరిగాయి. ఐడీ తన గుంటలో కూర్చుంది. బకల్స్ అప్పుడు వేశాడు, కిందివి నామ్‌కేవాస్తే, టఖ్నా దగ్గరివి కాస్త గట్టిగా.

నిన్న 28లో నా కాలు ప్రతి మలుపులో ముందుకు జారి గోళ్లు గోడని కొట్టాయి. జారకుండా ఉండాలని బకల్స్ బలంగా బిగించాను, దాంతో పాదం మొద్దుబారింది. ఢీలా బూటుని నేనే తంగ్ చేసుకున్నాను. అడిగినవాడికి అడిగింది ఇచ్చేసిన దుకాణం అబ్బాయి మీద నాకు షికాయత్ లేదు. కానీ కాలి గురించి తెలిసినవాడు ఒక్కడు పక్కన ఉంటే ఆ రెండు గోళ్లు మిగిలేవి.

మా నానా కస్టమర్‌కి ఎప్పుడూ కూర్చోబెట్టి జూతా తొడిగేవాడు కాదు. నిలబడమనేవాడు, నాలుగడుగులు వేయమనేవాడు, ఆ తర్వాతే కిందికి వంగి ఐడీ దగ్గర వేలు పెట్టి చూసేవాడు. గుల్మార్గ్‌లో ఆ ఉస్తాద్ నా ముందు మోకాళ్ల మీద కూర్చుని అచ్చం అక్కడే వేలు పెట్టాడు. తోలు పోయింది, ప్లాస్టిక్ వచ్చింది, తస్మా పోయి బకల్ వచ్చింది. ఆ వేలు మాత్రం ఇంకా అక్కడే ఉంది.