రాజుగారి మేడలో కొలతల చదువు

గద్వాల అంటే మనకు ముందు చీరే గుర్తొస్తుంది. అక్కడి కోటలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేర ఒక కాలేజీ వెలిసిందంటే మాత్రం “అలాగా!” అంటాం. వనపర్తిలో ఇంకా విడ్డూరం. సంస్థానాధీశుల రాజప్రాసాదమే 1959లో పాలిటెక్నిక్ అయింది. రాజులు దిగిన మెట్లమీదే ఇప్పుడు పిల్లలు సర్వే సామాను భుజాన వేసుకుని దిగుతున్నారు. వాళ్ళలో మా చెల్లెలి కూతురొకతె. సివిల్ డిప్లొమా ఆఖరి ఏడు.

ఆ తరువాత హైదరాబాదు వెళ్ళి ప్లానింగ్ చదువుతానంటుంది. “ప్లాట్లు గీయడానికి కూడా చదువుటే? దానికంటే పెళ్ళి నయం” అంటుంది మా చెల్లెలు.

నిజానికి ఈ సీమలో ఊళ్ళకు హద్దు గీసింది చెరువులే. వనపర్తి సంస్థానం చెరువులను సప్తసముద్రాలని గొప్పగా చెప్పుకుంటారు. శ్రీరంగాపురంలో రంగనాయకస్వామి గుడినీ రంగసముద్రాన్నీ విడదీసి చూడలేం. నాగర్‌కర్నూలుకు కేసరిసముద్రం ఉంది. గుడి ఎక్కడో, ఇళ్ళెక్కడో, పొలమెక్కడో నీరు చూసుకునే నిర్ణయించారు. వేసవిలో చెరువు ఎండితే బయటపడే నేలను శికం అంటారు. అందులో నాలుగు గింజలు చల్లుకున్నా, ఇల్లు మాత్రం కట్టేవారు కారు. వాన మళ్ళీ వస్తుందని వాళ్ళకు తెలుసు.

పట్నం ఆ సంగతి మరిచి 1908లో మూసీ వరదలో వేల ప్రాణాలు పోగొట్టుకుంది. అప్పుడు నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. 1912లో నగరాభివృద్ధికి ప్రత్యేకంగా బోర్డు పెట్టింది. మా పిల్ల చదువుతానంటున్నది ఆ విద్యే. 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైనార్ట్స్ విశ్వవిద్యాలయంలో నేర్పుతారు.

2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. ఇంకేం, చేనుకు చేను రాళ్ళు పాతుకుంది. మా మరిదిగారూ పిల్ల పెళ్ళికి దాచిన సొమ్ములోంచి ఒక ప్లాటుకు బయానా ఇచ్చి వచ్చారు. రంగుల కాగితంలో పార్కు, ఈతకొలను, గుడి అన్నీ ఉన్నాయి.

పిల్ల ఆ కాగితం పట్టుకుని సర్వే నంబరు చూసింది. మర్నాడు గ్రామ నక్షా ముందు వేసుకుని కూర్చుంది. నాకు ఫోను చేసి, “పెద్దమ్మా, నాన్న కొన్నది శికం భూమి. మనం బతుకమ్మను సాగనంపే చెరువే ఇది” అంది.

ఇంట్లో రెండురోజులు పొయ్యి సరిగా వెలగలేదు. బయానా ఇవాళ రేపు అంటున్నారు గాని చేతికి రాలేదు. మిగతా డబ్బు మాత్రం దక్కింది. నిన్న మా చెల్లెలు ఫోనులో ఆ మాటా ఈ మాటా చెప్పి, ఉన్నట్టుండి అడిగింది:

“అక్కా, హైదరాబాదులో ఆడపిల్లల హాస్టలు నెలకెంతవుతుందో కాస్త కనుక్కుంటావా?”