బైపాస్ ఆయిల్ ఫిల్టర్: డీజిల్ లారీ ఇంజన్‌కు రెండో వడపోత

బైపాస్ ఆయిల్ ఫిల్టర్ డీజిల్ ఇంజన్‌లోని అసలు ఆయిల్ ఫిల్టర్‌కు తోడుగా పనిచేసే రెండో ఫిల్టర్. పంపు తోడే ఆయిల్‌లో 5 నుంచి 10 శాతం మాత్రమే ఇందులోకి మళ్లుతుంది. వడకట్టిన ఆయిల్ బేరింగుల వైపు వెళ్లదు, నేరుగా ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లోకి దిగుతుంది. మిగతా ఆయిల్ మామూలు దారినే ఇంజన్‌కు అందుతుంది. కొన్ని పెద్ద ఇంజన్లకు దీన్ని తయారీదారులే అమరుస్తారు. మిగతా లారీలకు ఓనర్లు తర్వాత పెట్టించుకోవాల్సిందే. ఇలా తర్వాత అమర్చడం చూడడానికి సులువు. చేసే తీరులోనే ఇంజన్ బాగుపడడమో పాడవడమో ఉంది.

కామారెడ్డి జిల్లా బాన్సువాడలో ఈ ఫిల్టర్ గురించి చెప్పాలంటే ముందు వడ్ల గురించి చెప్పాలి. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీర నీళ్లను ఈ పొలాలకు మళ్లించింది. అప్పటి నుంచి ఇది వరి, చెరకు పండే సీమ. వానాకాలం కోతలకూ యాసంగి కోతలకూ కొనుగోలు కేంద్రాల నుంచి రైస్ మిల్లుల దాకా లారీలే కనిపిస్తాయి. కల్లాల దగ్గర దుమ్ము, మిల్లు ఆవరణలో ఊక పొట్టు, దింపుడు కోసం గేటు ముందు అడుగడుగుగా జరిగే వరస. ఇంజన్ ఆయిల్‌కు ఇంతకంటే కఠినమైన కాలం ఉండదు. వరి ఊకను కాలిస్తే ఐదో వంతు దాకా బూడిద మిగులుతుంది, ఆ బూడిదలో 90 శాతం అటూ ఇటుగా సిలికాయే. పొలం మట్టిలోని సన్నని ఇసుకా అదే జాతిది. ఆ ఇసుకలోని క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలమానంలో 7. బేరింగుల మీద పూతగా ఉండే సీసం, తగరం, అల్యూమినియం లోహాలు దానికంటే చాలా మెత్తనివి. ఇక బండి కదలకుండా ఇంజన్ స్లోలో గంటల తరబడి నడిస్తే మసి పెరుగుతుంది, కాలని డీజిల్ పిస్టన్ రింగులు దాటి ఆయిల్‌లో కలుస్తుంది.

అసలు ఫిల్టర్ ఇదంతా ఎందుకు ఆపలేదన్నది సహజంగా వచ్చే ప్రశ్న. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. లారీల మామూలు ఫిల్టర్ కాగితం 20 నుంచి 40 మైక్రాన్ల రేణువులను బాగా పట్టుకుంటుంది, అంతకు చిన్నవాటిలో చాలా భాగాన్ని వదిలేస్తుంది. కాగితాన్ని ఇంకా సన్నగా చేద్దామంటే నిమిషానికి వంద లీటర్ల దాకా వచ్చే ఆయిల్ అందులోంచి పారదు. చల్లటి ఉదయం సెల్ఫ్ కొట్టగానే చిక్కటి ఆయిల్ అడ్డుపడి, ఫిల్టర్‌లోని రక్షణ వాల్వు తెరుచుకుంటుంది. అప్పుడు వడకట్టని ఆయిలే బేరింగులకు చేరుతుంది. ఇంజన్‌కు మురికి ఆయిల్ కంటే అసలు ఆయిల్ అందకపోవడమే పెద్ద ప్రమాదం కనుక కంపెనీలు రంధ్రాలు పెద్దవిగానే ఉంచుతాయి. బరువు మీద తిరిగే బేరింగులో ఆయిల్ పొర మందం కొన్ని మైక్రాన్లే. ఆ పొరలో దూరగలిగినంత చిన్నగా, రెండు వైపులా గీరగలిగినంత పెద్దగా ఉన్న రేణువే అన్నిటికన్నా ఎక్కువ అరగదీస్తుంది. అసలు ఫిల్టర్ వదిలేసేది సరిగ్గా ఆ కొలతనే.

నాటువైద్యులు చూర్ణాన్ని మొదట జల్లెడ పట్టి, తర్వాత పలచటి గుడ్డలో వస్త్రగాళితం చేస్తారు. అసలు ఫిల్టర్ జల్లెడ పని చేస్తే బైపాస్ ఫిల్టర్ గుడ్డ పని చేస్తుంది. రెండోది నిదానం, అందుకే దానికి కొద్దికొద్దిగానే అందించాలి. మంచి బైపాస్ ఎలిమెంట్ 2, 3 మైక్రాన్ల దాకా పట్టగలదు. అమ్మకందారులు చెప్పే కొలతలో ఒక మెలిక ఉంది. ‘2 మైక్రాన్లు’ అని డబ్బా మీద రాసి ఉంటే చాలదు, ఆ కొలత రేణువుల్లో ఎంత శాతం ఆపుతుందో కూడా అడగాలి. ఆ శాతాన్ని తెలిపేది బీటా విలువ. బీటా 75 అంటే 98.7 శాతం. బీటా 2 అంటే సగమే. అదే మైక్రాన్ల సంఖ్యతో ఈ రెండు ఫిల్టర్లనూ అమ్మవచ్చు.

అరుగుదల మీద ఈ రంగంలో తరచూ ఉదహరించేది 1988 నాటి పరిశోధన. జనరల్ మోటార్స్‌కు చెందిన ఏసీ స్పార్క్ ప్లగ్ విభాగంలోని డేవిడ్ స్టేలీ డెట్రాయిట్ డీజిల్ ఇంజన్‌ను వేర్వేరు ఫిల్టర్లతో నడిపి ఫలితాలను ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ పత్రంగా ప్రచురించాడు. 40 మైక్రాన్ల ఫిల్టర్‌తో పోలిస్తే 30 మైక్రాన్లతో అరుగుదల 50 శాతం, 15 మైక్రాన్లతో 70 శాతం తగ్గింది. ప్రకటనల్లో ఈ అంకెలు మాత్రమే కనిపిస్తాయి. పరీక్ష త్వరగా తేలడానికి ఆయిల్‌లో కావాలనే దుమ్ము కలిపారన్న సంగతి కనిపించదు. రోడ్డు మీద బండికి అంత దుమ్ము ఒక్కసారిగా చేరదు. సన్నటి వడపోత మేలు చేస్తుందన్నది నిజం, కానీ ఆ శాతాలే ప్రతి లారీకీ వర్తిస్తాయనుకోవడం తొందరపాటు.

చరిత్రలో బైపాస్ రకమే ముందు వచ్చింది. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ ప్యురోలేటర్ అనే ఆయిల్ ఫిల్టర్‌ను రూపొందించాడు. ఆ తరం బండ్లలో ఫిల్టర్ ఉంటే అది ఎక్కువగా బైపాస్ పద్ధతిదే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆయిల్ మొత్తాన్నీ వడకట్టే పద్ధతి నెమ్మదిగా దాన్ని పక్కకు నెట్టింది. 1950లలో ఫ్రాంట్జ్ అనే అమెరికన్ ఫిల్టర్ టాయిలెట్ పేపర్ చుట్టనే ఎలిమెంట్‌గా వాడి పేరు తెచ్చుకుంది, దాన్ని ఇష్టపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తర్వాత కమ్మిన్స్ పెద్ద ఇంజన్ల కోసం ఫిల్టర్ల కంపెనీ ఫ్లీట్‌గార్డ్ ఒకే డబ్బాలో రెండు వడపోతలనూ పొందుపరిచింది. కాగితమే లేని ఇంకో దారి సెంట్రిఫ్యూజ్. ఆయిల్ ఒత్తిడితోనే గిర్రున తిరిగే గిన్నె గోడలకు మసి బంకమట్టిలా అంటుకుపోతుంది.

ఇక అమరిక. మొదటి పని ఒత్తిడి ఉన్న ఆయిల్‌ను ఎక్కడి నుంచి తీసుకోవాలో తేల్చుకోవడం. చాలా ఇంజన్లలో ఆయిల్ ప్రెషర్ సెన్సర్ ఉన్న రంధ్రం దగ్గర టీ జాయింట్ వేస్తారు. ఆ జాయింటుకే సెన్సర్, హోసు రెండూ వేలాడితే ఇంజన్ అదురుకు మెడ విరగవచ్చు. అందుకే బరువు పడకుండా హోసుకు దగ్గర్లోనే క్లిప్పు ఆసరా ఇస్తారు. టర్బోకు వెళ్లే పైపు నుంచి మాత్రం ఎన్నడూ తీసుకోకూడదు. నిమిషానికి లక్ష చుట్లకు అటూ ఇటుగా తిరిగే టర్బో షాఫ్టు ఆయిల్ పొర మీదే తేలుతుంది.

రెండోది, అన్నిటికంటే ముఖ్యమైనది, చిన్న రంధ్రం. ఫిల్టర్‌కు వెళ్లే దారిలో సుమారు 1.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న రెస్ట్రిక్టర్ ఉండాలి. 4 బార్ల ఒత్తిడిలో దాని గుండా నిమిషానికి 2 లీటర్ల మేర ఆయిల్ వెళ్తుంది. చాంబర్‌లో 15 లీటర్లు ఉంటే ఏడెనిమిది నిమిషాలకు ఒక చుట్టు లెక్క. అయితే వడకట్టినదీ కట్టనిదీ చాంబర్‌లో కలిసిపోతుంటాయి కనుక ఒక చుట్టులో నిజంగా ఫిల్టర్ చూసేది 63 శాతం ఆయిల్‌నే. మూడు చుట్లకు 95 శాతం దాటుతుంది. గంట ప్రయాణంలో ఆయిల్ అంతా పలుమార్లు వడపోతకు వస్తుంది కాబట్టి ఆ నిదానం వల్ల నష్టం లేదు. ఆయిల్ ఎక్కువ పారితే మంచిదని ఎవరైనా ఆ రంధ్రాన్ని డ్రిల్లుతో పెంచినా, రెస్ట్రిక్టర్‌ను తీసేసినా స్లోలో ఒత్తిడి పడిపోతుంది. ఇంజన్‌ను కాపాడడానికి తెచ్చిన వస్తువే క్రాంకు బేరింగులను తినేస్తుంది.

తిరుగు పైపు విషయంలో ఊరి రోడ్లను బట్టి ఆలోచించాలి. కొందరు చాంబర్ డ్రెయిన్ ప్లగ్గునే మార్చి దానికి పైపు బిగిస్తారు. చూడడానికి నీట్‌గా ఉంటుంది. కానీ అది బండి అడుగున వేలాడే భాగం, కల్లాల దారిలో ఒక రాయి తగిలితే ఆయిల్ మొత్తం నేల పాలవుతుంది. ఆయిల్ పోసే మూతకు జాయింటు పెట్టడం, లేదా చాంబర్ పక్క గోడకున్న ప్లగ్గు వాడడం మేలు. ఎటు తిప్పినా ఈ పైపు వెడల్పుగా, మెలిక పడకుండా, ఎక్కడా ఒత్తిడి నిలవకుండా ఉండాలి.

ఫిల్టర్ హౌసింగ్‌ను ఛాసిస్‌కు బిగించడం రివాజు. ఛాసిస్ పై అంచుకూ కింది అంచుకూ కొత్త రంధ్రాలు వేయకూడదు, బరువు మోసేది అవే. నిలువు గోడలో కంపెనీ ముందే వదిలిన రంధ్రాలు దొరికితే అదృష్టం. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది, ఛాసిస్ ఊగదు. కాబట్టి రెండింటి మధ్య హోసుకు కొంత సడలు ఉంచాలి. ఉక్కు అల్లిక ఉన్న, వేడి ఆయిల్‌కు తగిన హైడ్రాలిక్ హోసే వాడాలి, డీజిల్ రబ్బరు పైపు పనికిరాదు. లోడు మీద టర్బో గుల్ల వేడి 500 డిగ్రీలు దాటుతుంది. దాని పక్కగా వేసిన హోసు పగిలి ఆయిల్ చిమ్మితే క్యాబిన్ కిందే మంట లేస్తుంది. జాయింట్లకు టెఫ్లాన్ టేపు చుట్టే అలవాటు కూడా ఇక్కడ మానాలి. ఊడిన టేపు ముక్క ఆ 1.5 మిల్లీమీటర్ల రంధ్రాన్ని మూసేయగలదు. రాగి వాషర్లు, మర జాయింటుకు పూసే సీలెంట్ సరిపోతాయి.

బిగించాక ఫిల్టర్‌లో ముందే ఆయిల్ నింపాలి. హౌసింగ్, హోసులు కలిపి ఒకటి నుంచి మూడు నాలుగు లీటర్లు అదనంగా పడుతుంది. ఇంజన్‌ను స్లోలో ఉంచి మొదట ప్రెషర్ గేజీని, తర్వాత జాయింట్లను చూడాలి. ఆపి కాసేపు ఆగి డిప్‌స్టిక్ చూసి తక్కువైనంత పోయాలి. అనుభవం ఉన్న మేస్త్రి ఇంకో పరీక్ష చేస్తాడు. బండి అరగంట తిరిగాక హౌసింగ్ మీద చెయ్యి వేస్తాడు. వేడిగా ఉంటే ఆయిల్ పారుతున్నట్టు. ఇంజన్ కాగిపోతున్నా హౌసింగ్ చల్లగానే ఉంటే దారి ఎక్కడో మూసుకుంది, లేదా ఎలిమెంట్ నిండిపోయింది.

ఈ ఫిల్టర్ చేయలేని పనులు కూడా ఉన్నాయి. ఆయిల్‌లో కలిసిన డీజిల్‌ను, కూలెంట్‌ను ఇది విడదీయదు. కాగితం కొంత నీటిని మాత్రం పీల్చుకుంటుంది. ఆమ్లాలను విరిచే శక్తి ఆయిల్‌లో తగ్గిపోతే దాన్ని తిరిగి తెచ్చే వడపోత లేదు. అందుకే ‘ఇక ఆయిల్ మార్చక్కర్లేదు’ అన్న మాటను నమ్మకూడదు. మార్పు గడువు పొడిగించాలంటే ఆయిల్ నమూనాను ప్రయోగశాలకు పంపి చూడాలి. చిక్కదనం, మసి శాతం, క్షార సంఖ్య, ఇనుము, రాగి, సీసం, సిలికాన్ అంకెలు అందులో వస్తాయి. బాన్సువాడ బండికి అన్నిటికంటే ముందు చూడాల్సినది సిలికాన్. అది పెరిగిందంటే ఎయిర్ ఫిల్టర్ వైపు రబ్బరు గొట్టమో, సడలిన క్లిప్పో దుమ్మును లోపలికి పంపుతోందని చాలాసార్లు అర్థం. ఆ క్లిప్పు బిగించకుండా వేల రూపాయల బైపాస్ కిట్టు పెట్టించడం ఖర్చు దండగ.

2002లో అమెరికాలోని ఇడాహో జాతీయ ప్రయోగశాల తన 8 డీజిల్ బస్సులకు ఇలాంటి ఫిల్టర్లు అమర్చి చాలా కాలం గమనించింది. 12,000 మైళ్లకు, అంటే సుమారు 19,000 కిలోమీటర్లకు ఒకసారి ఫిల్టర్ ఎలిమెంట్ మార్చి, ఆయిల్ నమూనా పరీక్షించి, బాగుంటే అదే ఆయిల్‌తో నడిపారు. చాలా ఆయిల్ మార్పులు తప్పాయి. అక్కడ ప్రతి బస్సుకూ రికార్డు ఉంది, ప్రతి నమూనాకూ నివేదిక ఉంది. 1932లో 27 బస్సులతో మొదలైన నిజాం రైలు, రోడ్డు రవాణా శాఖ వారసత్వంగా బాన్సువాడలో ఆర్టీసీ డిపో ఉంది. కిలోమీటర్లు రాసిపెట్టే అలాంటి చోట ఈ పద్ధతికి లెక్క కుదురుతుంది. ఒకటి రెండు లారీల ఓనరుకు ఏడాదిలో ఒక ఆయిల్ మార్పు మిగిలితే 15 లీటర్లు ఆదా. కిట్టు, హోసులు, ఎలిమెంట్ల ఖర్చు పక్కన అది పెద్ద మొత్తం కాదు. అతనికి లాభం ఆయిల్‌లో కాదు, ఇంజన్ బోరుకు రావడం ఆలస్యమైతే వస్తుంది. ఆ లాభం కళ్లబడడానికి ఏళ్లు పడుతుంది.

దేశమంతటా 2017 ఏప్రిల్ 1న బీఎస్-4, 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక లెక్క ఇంకొంత మారింది. డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకు దిగడంతో ఆయిల్‌లో ఆమ్లాలు తగ్గాయి. పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ ఉన్న బండ్లలో ఆయిల్‌కు మసి మోత పెరిగింది. వారంటీ ఉన్న బండికి ప్రెషర్ సెన్సర్ దగ్గర టీ జాయింట్ వేసే ముందు కంపెనీ సర్వీసు కేంద్రంతో రాతపూర్వకంగా మాట్లాడుకోవాలి. ఈ ఊళ్లో ఈ ఫిల్టర్‌కు బహుశా ఎక్కువ తగిన యంత్రం లారీ కూడా కాదు, వరికోత మిషన్. దాని ఆయిల్ గడువును కిలోమీటర్లలో కాక గంటల్లో లెక్కిస్తారు, ఆ గంటలన్నీ అది తానే లేపిన దుమ్ములో నడుస్తుంది.