అజరయ్యగారి దోర్నకల్లు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో మన తెలుగు కుటుంబములు అనేక తరములుగా నివసించుచున్నవి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు హోసూరు సేలము జిల్లాతోపాటు మద్రాసు రాష్ట్రమునందే నిలిచిపోయెను. పిమ్మట 1965లో ధర్మపురి జిల్లాయు, 2004లో కృష్ణగిరి జిల్లాయు వెలసినవి. జిల్లాల పేర్లు మారినను ఇంటిభాష మారలేదు. బడిలోను కచేరీలోను ఒక భాష, ప్రార్థనలో మరియొక భాష. దేవుడు మనల నిచ్చట నేల నుంచెనను ప్రశ్న మన క్రైస్తవ గృహములలో అప్పుడప్పుడు పుట్టుచుండును. దీనికి బదులు వెదకుచుండగా, మన స్థితికి సరిగా ఎదురుదిక్కున నడచిన మహనీయుడొకరు మాకు స్ఫురించిరి. ఆయన తమిళసీమలో పుట్టి, తెలుగుసీమలో తన పనిని కనుగొనిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు.

ఆయన 1874లో తిరునెల్వేలి సీమలోని వెళ్ళాలన్విళై గ్రామమున జన్మించిరి. తండ్రి ఆ యూరి గురువు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, పట్టము పుచ్చుకొనకయే 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి, దక్షిణదేశమంతయు తిరిగిరి. 1902లో యాళ్పాణము వెళ్ళినపుడు, అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొమ్ముతోనే దూరప్రదేశములకు సువార్తికులను పంపుచుండుట చూచి, తమ తిరునెల్వేలివారు అట్టి పని చేయకుండుటకు సిగ్గుపడిరి. మరుసటి యేడే, 1903లో, భారతీయ మిషనరీ సంఘము స్థాపింపబడెను. ధనమును మనుష్యులును పరిపాలనయు భారతీయులదే కావలెనని దాని నియమము. నిజాము రాజ్యములోని దోర్నకల్లు వారి క్షేత్రమాయెను.

ఇతరులను పంపి తాము కార్యదర్శి కుర్చీలో కూర్చుండుట ఆయన మనసున కొప్పలేదు. 1909లో గురువుగా అభిషేకము పొంది, భార్య అన్బు మరియమ్మాళ్ గారితో దోర్నకల్లు చేరిరి. మొదట గుడారములోనే కాపురము. ముప్పదియైదవ యేట క్రొత్త లిపి దిద్దుట యెట్టిదో, ఒకే మాదిరి దస్త్రములతో జీవితము గడపిన మావంటి గుమాస్తాలకు వేరుగా చెప్పనక్కరలేదు. చెరసాలనుండి ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికలో పౌలు తృప్తిని తాను నేర్చుకొన్న విద్యగా చెప్పుచున్నాడు. పుట్టుకతో వచ్చిన గుణమని చెప్పలేదు. అజరయ్యగారు ఆ విద్యను తెలుగు అక్షరములతో కలిపి నేర్చిరని మా యభిప్రాయము.

తృప్తి యనగా నోరు మూసికొని యుండుట యని కొందరు తలంతురు. అది సరికాదు. 1910లో ఎడింబరో మహాసభలో ఆయన నిలువబడి, పాశ్చాత్య మిషనరీలు భారతీయులకు త్యాగమును చూపిరేగాని స్నేహమును చూపలేదని మొగము మీదనే చెప్పిరి. సభలో పలువురు నొచ్చుకొనిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్పుగా ప్రతిష్ఠింపబడిరి. ఆంగ్లికను సంఘములో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనయే. దానికి దొరలలోనే గాక మనవారిలోను అభ్యంతరములు చెప్పినవారుండిరి.

ఆయన సంఘములో చేరిన వారిలో పెక్కుమంది మాల, మాదిగ కూలివారు. దేవుని పని గురువుదే యని వారిని ఊరకుండనీయక, బాప్తిస్మము పొందినవాడు తన తలపై చేయి పెట్టుకొని, సువార్త చెప్పకపోయినచో నాకు శ్రమ యని పౌలు మాటలతో ఒప్పుకొనునట్లు చేసిరి. పొలములో కలుపు తీయువానికి, తోలు కుట్టువానికి ఒక యుద్యోగము దొరికినట్లాయెను. జీతము లేనిదైనను, ఎవరును తీసివేయజాలని యుద్యోగమది. జాతులచే త్రోయబడినవారు తమకును ఒక పిలుపు కలదని తెలిసి తల యెత్తుట మాకు ఆయన బిషప్పు పదవికంటె గొప్పదిగా తోచుచున్నది.

దోర్నకల్లులోని పెద్ద దేవాలయము కట్టుటకు బహు సంవత్సరములు పట్టెను. హిందూ దేవళముల స్తంభములను, మసీదుల గుమ్మటములను తలపించు ఆ మందిరము 1939లో ప్రతిష్ఠింపబడెను. పరదేశపు గుడివలె గాక ఆ నేలలో పుట్టినదిగా నుండవలెనని ఆయన కోరిక.

దక్షిణదేశ సంఘములన్నియు ఒకటి కావలెనని 1919లో తరంగంబాడిలో కూడినవారిలో అజరయ్యగారు ప్రముఖులు. ఆ పనిలో ఇరువదియైదేండ్లు శ్రమించి, 1945 జనవరి 1వ తేదీన దోర్నకల్లులోనే కన్నుమూసిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడెను.