ఉద్దానంలో ఒకటో తారీఖు

ఉదయం ఏడు కాలేదు. కవిటి దాటి సోంపేట వైపు పోయే దారిలో, కొబ్బరితోటల మధ్య ఒక ఊరు. సచివాలయం కుర్రాడు బైకుకు స్టాండు వేసి, భుజాన వేలాడే సంచిని ముందుకు లాక్కుంటున్నాడు. అందులో నిన్న బ్యాంకులో తీసిన అయిదువందల నోట్ల కట్టలున్నాయి. చేతిలో ఫోను, దానికి తగిలించిన వేలిముద్ర మిషను. యాభై పైచిలుకు ఇళ్లకు ఇవాళ పింఛను పంచడం అతని వంతు. అతని వెనకే నడుద్దాం. ఇసుక నేల ఇంకా కాలలేదు, చెప్పులు చేత్తో పట్టుకుని కూడా నడవొచ్చు.

మొదటి ఇంటి అరుగు మీద మామ్మ అప్పటికే తల దువ్వుకుని, ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని కూర్చుంది.

“ఒచ్చీసినావా బావూ? కూకో, టీ తాగుదువు.”

“ఇంకా శానా ఇళ్లున్నాయి మామ్మా. ముందు ఏలు పెట్టు.”

బొటనవేలు పెట్టింది. ఫోను ఒప్పుకోలేదు. చీర చెంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది. లేదు. చూపుడువేలు, మధ్యవేలు, ఆపైన రెండో చెయ్యి. ఆ వేళ్లను కాస్త దగ్గరగా చూడండి. కొసలు నల్లబడి నున్నగా ఉన్నాయి, గీత అన్నది కనబడదు. ఏళ్ల తరబడి పలాస జీడి కార్ఖానాల్లో పిక్కలు కొట్టిన వేళ్లవి. పిక్క పగిలినప్పుడు కారే జీడిసొన చర్మాన్ని కాల్చేస్తుంది. కాలినచోట కొత్త చర్మం పట్టేలోగా మళ్లీ పనికి పోవాల్సిందే. గీతలు అలా అరిగిపోయాయి. ఇప్పుడు ఆ గీతలు చూపిస్తే తప్ప ఈమె ఫలానా అని మిషను నమ్మదు.

కుర్రాడు విసుక్కోలేదు. ఫోను ఆమె ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. “కళ్లార్పు మామ్మా. ఇంకోపాలి.” ఆమె కళ్లు గట్టిగా మూసి తెరిచింది. మూడోసారికి ఫోను సరేనంది. ఎనిమిది నోట్లు చేతిలో పడ్డాక, మిషను గుర్తుపట్టని ఆ వేలినే నాలుకకు తడి చేసుకుని రెండుసార్లు లెక్కపెట్టింది.

మొగుడు పోయిన కొత్తలో ఆమెకు వచ్చిన వితంతు పింఛను నెలకు 200 రూపాయలు. 2014లో అది 1,000 అయింది. 2019 మొదట్లో 2,000, 2024 జనవరికి 3,000, ఆ ఏడాది జులై నుంచి 4,000. ఆ జులై ఒకటిన మూడు నెలల బకాయి కలిపి 7,000 చేతిలో పెట్టారు. ఈ అంకెలన్నీ మామ్మకు నోటికి వచ్చు.

“ఏటి సేస్తావు మామ్మా ఈ డబ్బులు?”

“కొట్లో బాకీ తీర్చాలి. సంఘం వాయిదా అయిదొందలు. మా గుంటడు పరీచ్చ సేయించుకోడానికి పలాస ఎల్లాలి, ఆడికి కొంత.” కొడుకుకు నలభై ఏళ్లు. ఆమెకు ఇంకా గుంటడే.

రెండిళ్ల అవతల తలుపుకు తాళం. ముసలివాళ్లు చెన్నైలో కొడుకు దగ్గరికి వెళ్లారట. ఒకటి రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తున్నారు కాబట్టి కంగారు లేదు. పక్క సందులోకి తిరుగుదాం.

అక్కడ ఒక ఆటో నిలబడి ఉంది. ఇవాళ ఆ ఇంట్లో డయాలసిస్ రోజు. మంచం మీద కూర్చున్నాయన వయసు యాభై లోపే. ఎడమ మణికట్టుకు పైన నరం ఉబ్బి మెలికలు తిరిగి ఉంది. సూదులు గుచ్చడానికి వీలుగా ఆపరేషను చేసి కలిపిన నరం అది. వేలు పెడితే లోపల జుమ్మని రక్తం పరుగు తెలుస్తుంది. ఆ చేత్తో బరువెత్తకూడదు, ఆ చేతికి బీపీ చూడకూడదు, దాని మీద ఒత్తిగిలి పడుకోకూడదు. మిషను దగ్గరికి కూడా ఆయన కుడిచెయ్యే చాపాడు. ఒక్కసారికే వేలు పడింది. పదివేలు.

ఊళ్లో ఇంతకన్నా పెద్ద పింఛను ఇవాళ ఎవరికీ రాదు. అయినా ఈయన్ని చూసి ఎవరూ అసూయపడరు. ఉద్దానం అని పిలిచే ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు లేని ఊరు అరుదు. షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా వస్తోంది. నీరు, నేల, ఎండలో కష్టం, మందుల వాడకం ఇలా ఎన్నిటినో శాస్త్రవేత్తలు పరీక్షించారు గానీ, కారణం ఫలానా అని ఇంకా తేలలేదు.

ఆయన భార్య నోట్లు తీసుకుని గూట్లోంచి పాత నోటుపుస్తకం తెచ్చింది. ఆటో ఎన్ని తిరుగుళ్లు తిరిగిందో గీతలు గీసి ఉంచింది. వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రి. డయాలసిస్‌కు పైసా అడగరు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచాక దూరం కూడా తగ్గింది. కానీ ఆటోకి ఇవ్వాలి, బయట కొనే మందులకు ఇవ్వాలి, తోడు వెళ్లిన రోజు ఆమె కూలి పోతుంది.

“పదేలు ఒచ్చినాయంటారు గానీ, అవి ఈయన ఒంట్లోకే ఎల్లిపోతాయి. మాకు తిండి కార్డు బియ్యం, నా కూలి.”

ఈ ఇంటికి ఒకప్పుడు కొబ్బరి ఉండేది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ తీరం మీద పడి చెట్లను మొదలంటా కూల్చేసింది. కొబ్బరి మళ్లీ నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలోనే ఈయనకు జబ్బు బయటపడింది. నెలనెలా పదివేలు రాకపోయి ఉంటే ఆ మొక్కలున్న నేల ఇప్పటికి అమ్ముడుపోయేది. నిలబడి చూస్తే ఆ నేల కనబడుతూనే ఉంది. నేల మిగిలింది, ఆయన మిగిలారు. చేతిలో మిగిలిందంటూ ఏమీ లేదు.

ఆటో కదిలింది. మనం ముందుకు పోదాం.

తొమ్మిదయ్యేసరికి ఎండ చురుక్కుమంటోంది. కల్వర్టు మీద ఒక మనిషి కాళ్లు వేలాడేసుకుని కూర్చుని కుర్రాడినే చూస్తున్నాడు. అతని తల్లి గుమ్మంలోంచి చెయ్యి ఊపి లోపలికి రమ్మంది. నోట్లు వంటింట్లో తీసుకుంది. కుర్రాడు గుమ్మం దాటకముందే పెరటి దారిన కిరాణా కొట్టుకు బయల్దేరింది. ఆమె వెనకే వెళ్దాం, ఎందుకంటే పంచిన డబ్బు నడిచేది ఈ దారినే.

కొట్లో ఇవాళ సందడి. కొట్టాయన పద్దు పుస్తకం తెరిచి పెట్టుకుని ఒక్కొక్క పేరు కొట్టేస్తున్నాడు. ఆమె పాత బాకీ కట్టి, ఇంకో పదిహేనువందలు బల్ల మీద పెట్టింది. “ఇది నీ దగ్గరుంచు బావూ. కావలసినప్పుడల్లా సరుకులు అట్టుకెళ్తాను. ఆడొచ్చి అడిగితే ఏమీ లేదని సెప్పు.” కొట్టాయన పేరు పక్కన అంకె వేసుకుని తల ఊపాడు. ఆ అంకె ఆమెకు ఈ నెల బ్యాంకు. కొడుకు తాగుడు నుంచి తన తిండిని ఆమె ఇలా దాచుకుంటోంది. పేదవాళ్లకు డబ్బు చేతికిస్తే తాగేస్తారని పట్నంలో తేలిగ్గా అనేవాళ్లను తీసుకొచ్చి ఈ బల్ల పక్కన ఒక్క ఉదయం నిలబెట్టాలనిపిస్తుంది. తాగేవాళ్లు ఉన్నారు, కల్వర్టు మీదే ఉన్నాడు. అతనికి అందకుండా చెయ్యడానికి ఆ తల్లి పడే పాట్లు కూడా వాళ్లు చూడాలి.

పద్దు పుస్తకంలో ఇంకో సంగతి ఉంది. పింఛను వచ్చే ఇంటి పేరు దగ్గర బాకీ వేలల్లోకి వెళ్లినా కొట్టాయన సరుకు ఆపలేదు. పింఛను లేని ఇంటికి అయిదొందలు దాటగానే ఆపేశాడు. అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు. “పింఛనీ ఉంటే ఒకటో తారీకుకి ఒచ్చీస్తాది. కూలి ఎప్పుడుంటాదో, ఎప్పుడుండదో ఎవుడికి తెలుసు?” ఆ లేనివాళ్లు అవసరం పడితే నూటికి మూడు రూపాయల వడ్డీకి పోతారు. నాలుగువేలు పెద్ద మొత్తమని నేననను. కానీ దానికి ఒక తేదీ ఉంది. కూలికీ, చేపలకీ, జీడి కాపుకీ లేని తేదీ. నెలాఖరున జ్వరం వస్తే మందుల షాపులో అరువు పుట్టడానికి ఆ తేదీ చాలు. కోడలు ముద్ద పెట్టేటప్పుడు మాట మెత్తబడడానికీ చాలు.

ఆ తేదీ ఒక్కసారి తప్పితే ఏమవుతుందో ఇక్కడివాళ్లు మరిచిపోలేదు. అప్పటిదాకా ఇంటింటికీ పింఛను పంచిన వలంటీర్లు ఇక పంచకూడదని 2024 ఎన్నికల ముందు ఎన్నికల సంఘం ఆదేశించింది. ఏప్రిల్‌లో చాలామంది సచివాలయాలకు నడిచారు. మే నెలలో చాలామందికి బ్యాంకు ఖాతాల్లో వేశారు. కొట్టు ముందు బల్ల మీద కూర్చున్న తాత ఆ మే ఎండ గురించి చెబుతున్నాడు. ఖాతా పనిచేస్తుందో లేదో తెలియక బ్యాంకు మెట్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాడట. చెబుతూ చెబుతూ మొలకు దోపుకున్న గుడ్డసంచి విప్పి, ఇంకా పారెయ్యని పాత స్మార్ట్ కార్డు చూపించాడు. ఫోటో వెలిసిపోయింది. పింఛన్లకూ ఉపాధి హామీ కూలికీ ఉమ్మడి రాష్ట్రంలో ఇచ్చిన కార్డు అది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ఆర్థికవేత్తలు ఎనిమిది జిల్లాల్లో దాని మీద పరిశోధన చేశారు. కార్డు వచ్చిన మండలాల్లో డబ్బు త్వరగా అందిందనీ, మధ్యలో కాజేసేది తగ్గిందనీ 2016లో ప్రచురించారు. తాతకు ఆ పరిశోధన సంగతి తెలియదు. ఆ కార్డు రోజుల్లో తన డబ్బుకు ఎవరికీ చెయ్యి తడపలేదన్నది మాత్రం తెలుసు.

మధ్యాహ్నం రెండు దాటింది. కుర్రాడి సంచి బోసిపోయింది. సచివాలయంలో ఫ్యాను కింద కూర్చుని మిగిలిన పేర్లు చూసుకుంటుంటే, చేతిలో ల్యాబు కాగితంతో ఒకతను వచ్చి నిలబడ్డాడు. పొద్దున చూసిన మామ్మ కొడుకు. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపుతాడు. కాళ్లు వాచి ఉన్నాయి, చెప్పు పట్టీ చర్మంలోకి దిగిపోయింది.

కాగితం మీద క్రియాటినిన్ 4.6 అని ఉంది.

డయాలసిస్ ఇంకా మొదలుపెట్టని కిడ్నీ రోగికి కూడా ఇప్పుడు పదివేల పింఛను ఉంది. దానికి క్రియాటినిన్ అయిదు దాటాలి, లేదా కిడ్నీ వడపోత రేటు పదిహేను కన్నా తగ్గాలి, లేదా కిడ్నీ కుంచించుకుపోయినట్టు తేలాలి. కుర్రాడు ఆ మాట ఎలా చెప్పాలో తెలియక కాగితాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

“ఇంకా రాలేదు అన్నా. అయిదు దాటాలి.”

“అంటే ఇంకా పాడవ్వాలా?”

ఆ ప్రశ్నకు ఈ గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఈ రోగం చిట్టచివరి మెట్టు ఎక్కాకే డబ్బు కదులుతోంది. మనిషి ఇంకా చెట్టెక్కగలుగుతున్నప్పుడు, జబ్బు ఇంకా నెమ్మదించే అవకాశం ఉన్నప్పుడు, కూలి మానుకోవడానికి నెలకు రెండువేలిచ్చినా అది వైద్యంతో సమానమైన పని చేస్తుందని నా నమ్మకం. డయాలసిస్ మంచం మీదికి చేరాక పదివేలిచ్చే ప్రభుత్వం, అక్కడికి చేరకుండా ఆపడానికి ఎందుకివ్వదు? ఖర్చు తగ్గేది కూడా అక్కడే.

అతను కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎల్లుండి డయాలసిస్ ఆయన ఆటో మళ్లీ పలాస పోతుంది, అందులో సగం కిరాయి పంచుకుంటానన్నాడు. డబ్బు అమ్మ పొద్దున్నే చేతిలో పెట్టిందట. మళ్లీ రక్తపరీక్ష చేయించి ఆ కాగితం కూడా తెమ్మని కుర్రాడు చెప్పాడు.

“రేపు మటుకు కుదరదు. నలభై చెట్లు ఒప్పుకున్నాను,” అని చెప్పి సైకిలు తీశాడు.